పన్నెండు గడుల్లో ఇరికించిన పాట

బెంటన్‌విల్‌లో మా వీధిలో కాలినడకన తిరిగే మనిషిని నేనొక్కదాన్నే. మిగతా జనమంతా గరాజ్‌లోంచి కారు తీసి, సాయంత్రం మళ్ళీ గరాజ్‌లోకే దూరతారు. "నువ్విలా ఒక్కదానివే నడుస్తుంటే కారు బ్రేక్‌డౌన్ అయిందనుకుని ఎవరో ఒకరు ఆపుతారు చూడు" అని మా ఆయన వెక్కిరించేవాడు. ఇద్దరు ఆపారు కూడా. అయినా మానలేదు. పొద్దస్తమానం స్టోర్ల ఇన్వెంటరీ స్క్రీన్లు చూసి చూసి మెడ పట్టేసేది. ఆఫీస్ అయ్యాక అరగంట నడవకపోతే ఇంట్లో అందరి మీదా అరిచేదాన్ని. నడిచినా అరిచేదాన్ననుకోండి, కాస్త తక్కువ.

నాలుగేళ్ళ క్రితం ఒక సాయంత్రం వీధి చివరి ఇంటి గరాజ్ తలుపు పైకెత్తి ఉంది. లోపల మడత కుర్చీలో ఒక నల్లజాతి పెద్దాయన, ఎనభై దాటి ఉంటాయి, ఇస్త్రీ చొక్కా, టోపీ, ఒళ్ళో గిటార్. ఎడమ చిటికెన వేలికి సీసా మెడ కోసి చేసిన గాజు గొట్టం తొడుక్కుని తీగల మీద జారుస్తున్నారు. నేను పదిహేనేళ్ళు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నదాన్ని, రాజమండ్రిలో డిప్లొమా కూడా చేశాను. ఆ జారుడు వినగానే కాళ్ళు ఆగిపోయాయి. మన గమకం కాదది, కానీ గమకానికి మేనత్త కూతురిలా ఉంది. నాకు తెలియకుండానే తొడ మీద చేత్తో తాళం వేస్తూ నిలబడ్డాను.

పాట ఆపి ఆయన నా చెయ్యి చూశారు. "ఏం లెక్కపెడుతున్నావు?"

"తాళం సార్. మా వైపు ఇలా వేస్తాం."

"ఎంతొచ్చింది మరి?"

ఒక చుట్టుకి పన్నెండు వచ్చింది, ఇంకో చుట్టుకి పదమూడు వచ్చింది. అనబోయి నాలుక కరుచుకున్నాను. మొహం మొహం చూసుకున్న మొదటి నిమిషంలోనే పెద్దమనిషి తప్పు పట్టుకుంటామా? "పన్నెండు" అన్నాను.

"అయితే నువ్వు టీచర్‌వి" అని నవ్వారు. నేర్చుకోవడానికి వెళ్ళేది నేనైనా, అప్పట్నుంచీ ఆయన నన్ను పిలిచే పిలుపు టీచరే.

ఆ పన్నెండు సంగతి చెప్పాలి. నాలుగు దెబ్బలు కలిస్తే ఒక గడి అనుకోండి. వాళ్ళు బార్ అంటారు, ఆ మాట నేను రాస్తే మా అత్తగారికి వేరే అర్థం తోస్తుంది కాబట్టి గడి అంటాను. ఆయన పాడేది బ్లూస్, ఇక్కడి నల్లవాళ్ళ పాట, అందులో చరణానికి మూడు పాదాలు, పాదానికి నాలుగు గడులు. మొదటి పాదంలో ఏదో అంటారు, రెండో పాదంలో అదే మళ్ళీ అంటారు, మూడో పాదంలో దానికి ముగింపు. మొత్తం పన్నెండు. పుస్తకాల్లో ఉన్నది అదే.

ఇంటికెళ్ళి ఆయన చెప్పిన పేరు ఫోన్‌లో వెతికితే తెలిసింది, నేను తప్పు పట్టబోయింది ఎవరినో. ఆయన ఈ రాష్ట్రానికి తూర్పు కొసన, మిసిసిపీ నది పక్కన పత్తి చేలల్లో పుట్టారు. మేనమామ దగ్గర గిటార్ పట్టారు. పద్దెనిమిదేళ్ళకి షికాగో వెళ్ళి, పగలు లారీ తోలుతూ సాయంత్రాలు వాయిస్తూ, పాటలు తనే కట్టుకున్నారు. చేసినవి రెండే రికార్డులు. ఆ రెండూ ఓడెక్కి ఇంగ్లండ్ వెళితే, అవి విని గిటార్ పట్టిన కుర్రాళ్ళు పెద్ద పెద్ద పేర్లు సంపాదించుకుని ఇప్పుడు ముసలివాళ్ళయిపోయారు. జపాన్ నుంచి ఒకాయన కేవలం ఆ చిటికెన వేలు చూడ్డానికి వచ్చాడట. ఇంత మనిషి మా వీధి చివర, చెత్తడబ్బాల పక్కన కూర్చుని వాయించుకుంటుంటే పక్కింటివాళ్ళు గడ్డి కోసుకుంటున్నారు. భార్య పోయాక కూతురు ఇక్కడికి తెచ్చుకుంది. ఆవిడకి అరవై దగ్గర, మా ఆఫీసులోనే వేరే బిల్డింగ్‌లో ఉద్యోగం.

శనివారాలు వయొలిన్ పట్టుకుని వెళ్ళడం అలవాటైంది. ఆయన పాడుతుంటే పక్కన నేను. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ ఆగడం, ఎక్కడ దూకితే అక్కడ దూకడం నాకేం కష్టం కాలేదు. పక్కవాద్యం వాయించి పెరిగినదాన్ని. మా గురువుగారు మాకు సంగీతం కంటే ముందు ఈ మర్యాద నేర్పారు. పాడే పెద్దలు ఒక అక్షరం మింగితే మనమూ మింగాలి. కచేరీ అయ్యాక ఆ మాట ఎత్తకూడదు, కాఫీ దగ్గర కూడా. ఇంటికొచ్చి మన పుస్తకంలో మాత్రం సరిగ్గా రాసుకోవాలి. "పెద్దల పొరపాటు నీ కమాను కింద దాక్కోవాలమ్మా" అనేవారు. నాకది ఒంట్లో ఇంకిపోయింది.

ఆయన తరచూ తప్పేవారు. అంటే తప్పుతున్నారని నేననుకునేదాన్ని. ముఖ్యంగా ఒక పాటలో. అందులో ఒకడు రాత్రంతా ఎక్కడో తిరిగి, పొద్దున్నే ఇంటి గుమ్మం ముందు నిలబడి "నేను లోపలికి రానా?" అంటాడు. రెండోసారి మళ్ళీ "నేను లోపలికి రానా?" అంటాడు. మూడో పాదంలో "పోనీ నా టోపీ అన్నా బయటికి విసురు" అంటాడు. ఆ రెండో పాదం చివర ఆయన నిలిచిపోయేవారు. గాజు గొట్టంతో ఒక్క తీగని నిమురుతూ, తల కాస్త వంచి. ఒక శనివారం ఒక గడి ఎక్కువ, ఇంకో శనివారం అర గడి, ఇంకోరోజు ఏమీ లేదు. పాపం మూడో పాదం గుర్తు రావడం లేదు కాబోలు అనుకునేదాన్ని. అడగలేదు. నాలుగేళ్ళలో ఒక్కసారైనా, "ఇక్కడ ఎందుకాగారు సార్?" అని అడగలేదు.

అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. ఆయనకి మతిమరుపు మొదలైంది. మాత్రలు రెండుసార్లు వేసుకోవడం, స్టవ్ మీద గిన్నె పెట్టి మర్చిపోవడం. డాక్టర్ గడియారం బొమ్మ గీయమంటే అంకెలన్నీ ఒక పక్కకే వేశారట. పగలంతా ఇంట్లో ఆయన ఒక్కరే, కూతురికి భయం. అలాంటి పెద్దవాళ్ళని చూసుకునే హోమ్ ఒకదానిలో పేరు రాయించింది. ఆయన మాత్రం వినేవారు కాదు. "స్టవ్ పోయింది, ఒప్పుకుంటాను. పాటలు పోలేదు. ఒక్క పాట పోయిందని చూపించండి, ఆ రోజు నేనే కారెక్కుతాను" అనేవారు. ఆవిడ దానికి కట్టుబడింది. నాతో కూడా చెప్పింది, ఆ పాటలే తనకీ కొలబద్ద అని.

అలాంటప్పుడు ఆయన పుట్టిన ఊరినుంచి పిలుపొచ్చింది. నది ఒడ్డున పాత హాలు బాగుచేశారట, ఆయన పాటలతో ఒక మధ్యాహ్నం సభ పెడతారట, ఆరుగురు వాయిద్యకారుల బ్యాండ్ ఆయన వెనక ఉంటుందట. బ్యాండ్ నడిపే ఆయన ఫోన్ చేసి పాటలు కాగితం మీద కావాలన్నాడు. కూతురు నా వైపు తిరిగింది. "నువ్వు సంగీతం చదువుకున్నావు, పక్కన కూర్చుని నాలుగేళ్ళు వాయించావు. నువ్వు రాస్తావా?"

తగుదునమ్మా అని ఒప్పుకున్నాను.

పైగా నా ఉద్యోగబుద్ధి ఒకటి. స్ప్రెడ్‌షీట్ తెరిచి పాదానికి నాలుగు గడులు, చరణానికి పన్నెండు నిలువు వరసలు గీశాను. ఏ గడిలో ఏ స్వరాల గుంపు, ఏ మాట, అన్నీ రంగులు వేసి పెట్టాను. పదమూడో వరస లేనే లేదు. ఆయన ఆగిన చోటు వచ్చినప్పుడల్లా నిమ్మళంగా దాన్ని తీసేసి, మూడో పాదాన్ని ముందుకి జరిపాను. పెద్దాయన పొరపాటు ఆరుగురు కొత్తవాళ్ళ ముందు బయటపడనివ్వకూడదని. అప్పుడు నాలో ఎంత గర్వమో చెప్పలేను. గురువుగారు ఉంటే వీపు తట్టేవారనుకున్నాను. బ్యాండ్ ఆయన జవాబిచ్చాడు, ఇంత శుభ్రమైన కాగితాలు తన జన్మలో చూడలేదని.

పాత రికార్డు విని సరిచూసుకోవచ్చు కదా అని మీరనొచ్చు. మొదట్లో విన్నాను, చేత్తో లెక్క వేయకుండా, సరదాకి. రాసేటప్పుడు వినలేదు. మనిషి ఎదురుగా ఉంటే రికార్డెందుకు అనుకున్నాను.

సభకి కూతురి కారులో ముగ్గురం వెళ్ళాం. అయిదు గంటలనుకున్న దారి, వాన వల్ల ఏడు గంటలైంది. ప్రాక్టీస్‌కి టైమ్ మిగల్లేదు. ఆయన ఒక హుషారు పాట సగం వాయించి, అది ఎలాగూ ఎప్పుడూ తిన్నగా పరిగెత్తే పాటే, "బాగుంది అబ్బాయిలూ" అని కుర్చీలో కూర్చుండిపోయారు. బ్యాండ్‌వాళ్ళు ఆయనతో ఎంతో గౌరవంగా అన్నారు, "మేం మీ పాటలు ఒక్క గడి కూడా మార్చలేదు సార్, అన్నీ మీరు వాయించినట్టే రాసి ఉన్నాయి" అని. ఆయన నా వైపు చూసి టోపీ కాస్త ఎత్తారు. నాకు ఒళ్ళంతా సంతోషమే.

హాలు నిండింది. ముందు వరసల్లో ఆయన ఈడు ఊరివాళ్ళు, వెనక ఎక్కడెక్కడినుంచో వచ్చిన తెల్లవాళ్ళు. మూడు పాటలు బ్రహ్మాండంగా నడిచాయి. నాలుగోది గుమ్మం ముందు పాట. "నేను లోపలికి రానా?" అన్నారు. మళ్ళీ "నేను లోపలికి రానా?" అని తల వంచి ఆగారు.

బ్యాండ్ ఆగలేదు. ఆరుగురూ ఒక్క మనిషిలా మూడో పాదానికి వెళ్ళిపోయారు. ఆయన ఉలిక్కిపడి తలెత్తి, ఆలస్యంగా టోపీ మాట అందుకున్నారు. అప్పటికి బ్యాండ్ చరణం చివరికొచ్చేసింది. రెండో చరణంలో ఆగకుండా ఉండబోయి మాటలు తడబడ్డారు. మూడో చరణంలో అసలు నోరు విప్పలేదు. తీగల మీంచి చెయ్యి తీసేసి, ఎడమ చేతిని చూసుకుంటూ కూర్చున్నారు. బ్యాండ్ ఆయన పరిస్థితి గ్రహించి, తన గిటార్‌తో పాట ముగించాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నా పక్కన కూతురు చప్పట్లు కొట్టలేదు.

నాకేం అర్థం కాలేదు. నా కాగితం సరిగ్గా ఉంది, బ్యాండ్ సరిగ్గా ఉంది. మరి ముందు వరసలో ముసలివాళ్ళ ఊగే తలలన్నీ ఆయన ఆగినప్పుడు ఆయనతో పాటే ఎందుకు ఆగాయి? అందరూ ఒకేసారి మర్చిపోతారా? స్టేజి వెనక్కి వెళుతుంటే, చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ దారిలో అడ్డంగా నిలబడి బ్యాండ్‌వాళ్ళని తిడుతోంది.

"ఆ అబ్బాయిలకి ఆగడం తెలీదు. లోపలున్న ఆడమనిషి జవాబు చెప్పొద్దూ? ఆవిడకోసమే కదా ఆగేది. మా చిన్నప్పట్నుంచీ అంతే. ఒక్కోరోజు ఆవిడకి కోపం ఎక్కువుంటుంది, ఇంకాస్త ఆగుతాడు."

జవాబుకి చోటు తీసేసింది నేను. నేనే గనక ఆయన పక్కన వయొలిన్ పట్టుకుని ఉంటే ఆయనతో పాటే ఆగేదాన్ని, ఏ గొడవా లేదు. రాసిస్తానన్న వంకతో కాగితంలో ఆయన పాటనే దిద్దాను.

వెనక గదిలో ఆయన గిటార్‌ని పెట్టెలో పెడుతున్నారు. "పాట పోయింది" అన్నారు కూతురితో. "ఆరుగురు ఒక దారిన వెళ్ళారు, నేనొక్కణ్ణి వేరే దారిన. వాళ్ళ దగ్గరున్నది నా పాటే, నేను వాయించిందే." ఆవిడ ఏడుస్తోంది. కమిటీవాళ్ళు పూలగుత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఇన్నేళ్ళ మర్యాద అడ్డం పడిందో, నా పరువే అడ్డం పడిందో ఇప్పటికీ చెప్పలేను. పిరికిదాన్ని, అంతే.

మర్నాడు ఇంట్లో పాత రికార్డు పెట్టి, ఈసారి చేత్తో లెక్క వేశాను. మొదటి చరణం పదమూడు, రెండోది పదమూడున్నర, మూడోది పన్నెండు, నాలుగోది మళ్ళీ పదమూడు. ఆ రికార్డు చేసిన ఇరవై మూడేళ్ళ వయసులో కూడా ఆగారు. మా ఆయనతో చెప్పి ఏడిస్తే, "ఇందులో ఏడవడానికేముంది? బగ్ నీది. ఓన్ చేసి ఫిక్స్ చెయ్" అన్నాడు. చాలా తేలిగ్గా అన్నాడు.

ముందు కూతురికి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "నీకు డాడీ అంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు" అంది. "కానీ నేను కళ్ళారా చూశాను. రెండో చరణంలో ఆయనకి సొంత మాటలే రాలేదు. హోమ్‌వాళ్ళు వచ్చే నెల గది ఖాళీ అవుతుందన్నారు."

శనివారం గరాజ్‌కి వెళ్ళాను. కుర్చీ ఉంది, ఆయన ఉన్నారు, గిటార్ పెట్టెలోనే ఉంది. నిలబడే చెప్పేశాను. "సార్, తప్పు మీది కాదు. మీరు ఆగే చోట ఒక గడి ఉంటుంది, కాగితంలో దాన్ని నేను తీసేశాను."

"ఎందుకు తీశావు?"

ఆ ఒక్క ప్రశ్న రాకూడదనుకున్నాను. "మీరు మర్చిపోయి ఆగుతున్నారనుకున్నాను."

కోప్పడతారనుకున్నాను. తిడితే ఎంత బావుండేది.

"అంటే నీకు అప్పట్నుంచే తెలుసన్నమాట" అన్నారు. "నాలుగేళ్ళుగా నేను తప్పుతుంటే పక్కన కూర్చుని కప్పిపుచ్చావన్నమాట."

"కాదు సార్, తప్పు కాదది. నేనలా అనుకున్నాను. నా బుర్రతక్కువ." ఫోన్‌లో పాత రికార్డు పెట్టాను. "వినండి, ఇందులోనూ ఆగారు." చివరిదాకా విన్నారు. "ఆ రోజు తాగి ఉన్నాను" అన్నారు. చేతికర్ర ఆవిడ మాట చెప్పాను. "అదెప్పుడూ నన్ను వెనకేసుకొచ్చేదే. చిన్నప్పుడు నేను కిటికీ అద్దం పగలగొట్టినా వీడు కాదనేది." ఏం చెప్పినా నా మాట ఎటో తిరిగి ఆయన మీదికే వచ్చి పడుతోంది. నాలుగేళ్ళు అంతా సరిగ్గా ఉన్నట్టు నటించినదాన్ని, ఇప్పుడు నిజం చెబితే నమ్మడం మానేశారు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి, ఎవరి మీదో కూడా తెలీలేదు.

ఆయన వంగి పెట్టె తెరిచి గిటార్ తీశారు. "ఆ కాగితంలో ఎలా ఉందో అలా నేర్పు" అన్నారు.

"అది తప్పు కాగితం సార్."

"ఆరుగురికి సరిపోయింది. నేర్పు టీచర్. గది ఖాళీ అయ్యేలోపు నేర్పు."

అక్కడే ఉండిపోయాను. వద్దని లేచిపోతే ఆయన వచ్చే నెల ఆ గదికి వెళతారు. నేర్పితే ఇల్లు నిలుస్తుంది, పాట పోతుంది. అసలు ఆయన ఇష్టం ఆయనది కదా, నేనెవర్ని? కాదు, అది చెడగొట్టింది నేనే కదా. ఎటూ తేలలేదు. తేలకుండానే నా నోరు లెక్కపెట్టడం మొదలుపెట్టింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆయన బుద్ధిగా విన్నారు. రాజమండ్రిలో నేను గురువుగారి ముందు తలొంచుకుని కూర్చున్నట్టే కూర్చున్నారు. రెండో పాదం చివర ప్రతిసారీ మెడ వంగబోయేది. "ఆగకండి సార్" అనేదాన్ని. ఆ మాట నేనే అన్నాను, ఎన్నిసార్లో.

మూడు శనివారాలు పట్టింది. మూడోవారం కూతురు లోపలి తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. ఆయన ఆవిణ్ణి చూసి నిటారుగా సర్దుకుని మొదలుపెట్టారు. "నేను లోపలికి రానా?" అన్నారు. మళ్ళీ "నేను లోపలికి రానా?" అని, ఎవరికోసమూ ఆగకుండా టోపీ అడిగేశారు. నాలుగు చరణాలు, నాలుగూ పన్నెండే.

కూతురి కళ్ళు తడిశాయి. "డాడీ ఎక్కడా తప్పలేదు, కదూ?" అని నన్నడిగింది.

ఆయన కూడా నా వైపే చూస్తున్నారు.

"లేదండీ, ఎక్కడా తప్పలేదు" అన్నాను. ఆవిడ హోమ్‌కి ఫోన్ చేయడానికి లోపలికి వెళ్ళింది, ఆ గది ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని చెప్పడానికి.